ఉల్లి వేరు కొనలో డీఎన్‌ఏ నష్టాన్ని గుర్తించి లెక్కించే విధానం

డీఎన్‌ఏకు తగిలిన దెబ్బను కళాశాల సూక్ష్మదర్శినిలో నేరుగా చూడడం సాధ్యం కాదు. రెండు నానోమీటర్ల మందం మాత్రమే ఉన్న ఆ పేనిన దారంలో ఒక క్షారం (దానిలో అక్షరం లాంటి భాగం) ఊడిపోయినా, ఒక పోగు తెగినా మన కంటికి తెలిసే మార్గం లేదు. అయితే ఆ దెబ్బ మానకముందే కణం విభజనకు దిగితే, క్రోమోజోములు సరిగా పంచుకోబడక వంతెనలుగా, తునకలుగా, చిన్న చిన్న అదనపు కేంద్రకాలుగా (వీటినే సూక్ష్మ కేంద్రకాలంటారు) మిగిలిపోతాయి. వాటిని చూడడానికి ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతుల్లో సమవిభజన దశలను చూపించడానికి వాడే ఉల్లి వేరు కొన, అక్కడే ఉన్న రంగులు, అదే సూక్ష్మదర్శిని సరిపోతాయి. కారణాలను, ఫలితాలను పాఠంగా చదివిన విద్యార్థి వాటిని తన చేతులతో చేసి, తన కళ్లతో చూసి, నిజాయతీగా లెక్కపెట్టడానికి పనికివచ్చేలా ఆ పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఉల్లిని ఎంచుకోవడం సౌకర్యం కోసం మాత్రమే కాదు. దానిలో ఉన్నవి 16 క్రోమోజోములే గానీ అవి చాలా పెద్దవి. ఉల్లి జీనోములో (జన్యు పదార్థపు ఒక పూర్తి ప్రతిలో) దాదాపు 1600 కోట్ల క్షార జతలు ఉన్నాయి. మనిషి జీనోముతో పోలిస్తే ఇది సుమారు అయిదు రెట్లు. తక్కువ సంఖ్యలో పెద్ద క్రోమోజోములు ఉండడం వల్ల ఒకటి విరిగినా, వెనకబడినా దాగదు. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్ 1938లో కణవిభజనను అడ్డుకునే కాల్చిసిన్ అనే పదార్థం ప్రభావాన్ని ఉల్లి వేళ్ల మీద పరిశీలించి ఈ పద్ధతికి పునాది వేశారు. మానవ కణంలో ఉన్నవి 48 కాదు, 46 క్రోమోజోములేనని 1956లో జో హిన్ జియోతో కలిసి తేల్చింది కూడా ఆయనే.

ముందుగా తెలుసుకోవలసినది

పనిలోకి దిగే ముందు డీఎన్‌ఏ ఎలా దెబ్బతింటుందో కొంత స్పష్టత ఉండాలి. లేకపోతే స్లైడులో కనిపించేదానికి అర్థం చెప్పలేము. దెబ్బ ఎప్పుడూ బయటి నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. కణంలోని నీరు, వేడి చాలు. ఒక్కో మానవ కణంలో రోజుకు సుమారు 10,000 ప్యూరిన్ క్షారాలు (ఎడినిన్, గ్వానిన్) వాటంతట అవే డీఎన్‌ఏ నుంచి ఊడిపోతాయని అంచనా. డీఎన్‌ఏ అనుకున్నంత స్థిరమైన పదార్థం కాదని 1970లలో చూపించిన తోమస్ లిండాల్, మరమ్మతు విధానాలను వివరించిన పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లతో కలిసి 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. శ్వాసక్రియలో పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు గ్వానిన్‌ను మార్చివేస్తాయి. మారిన గ్వానిన్ సైటోసిన్‌కు బదులు ఎడినిన్‌తో జతకట్టి ఉత్పరివర్తనానికి, అంటే జన్యువులో శాశ్వతమైన మార్పుకు, దారి తీస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్‌లను ఒకదానికొకటి అతికిస్తాయి. ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు రెండు పోగులనూ ఒకేచోట తెంపగలవు. ఎక్స్ కిరణాలు వంశపారంపర్యంగా సంక్రమించే మార్పులను కలిగిస్తాయని 1927లో హెర్మన్ ముల్లర్ పండు ఈగల మీద నిరూపించారు.

వీటిలో రెండు పోగులూ తెగిన దెబ్బ మాత్రమే స్లైడులో తునకగానో, వంతెనగానో కనిపిస్తుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. మిగిలిన చిన్న దెబ్బలు అలా కనిపించాలంటే, వాటిని సరిచేయకముందే కణం డీఎన్‌ఏ ప్రతిని తయారు చేసుకోవడం మొదలుపెట్టి, ఆ దెబ్బ దగ్గర ప్రతికరణ ఆగిపోయి, అక్కడ పోగులు తెగాలి. అంటే మనం లెక్కించేది తగిలిన దెబ్బలన్నిటినీ కాదు, మరమ్మతు అందని కొద్దిపాటి దెబ్బల ఆనవాళ్లనే. మొదటి నుంచి చివరి వరకూ ఈ తేడాను మరిచిపోకూడదు.

ఉల్లిపాయల ఎంపిక

ఈ ప్రయోగం చాలాసార్లు ఇక్కడే చెడిపోతుంది. మార్కెట్‌లో దొరికే ఉల్లిపాయలన్నీ వేళ్లు వేయవు. నిల్వలో మొలకెత్తకుండా కొన్నిటికి గామా కిరణాలు పట్టిస్తారు. మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో భాభా అణు పరిశోధన కేంద్రం నెలకొల్పిన కృషక్ కేంద్రం 2002లో ఈ పని కోసమే మొదలైంది. వంద గ్రేలకు (గ్రే అంటే పదార్థం గ్రహించిన కిరణాల మోతాదుకు కొలమానం) లోపు మోతాదుతోనే ఉల్లిపాయ మధ్యలోని విభాజ్య కణజాలం విభజన శక్తిని కోల్పోతుంది. తినే పొరలు మాత్రం మామూలుగానే ఉంటాయి, వాటిలో రేడియోధార్మికత మిగలదు. మన ప్రయోగానికి అలాంటి పాయ పనికిరాదు. నిజానికి అది ఇదే పాఠానికి మన వంటింట్లోకి వచ్చే ఉదాహరణ: డీఎన్‌ఏకు తగిలిన దెబ్బ ముందుగా దెబ్బతీసేది విభజన చెందుతున్న కణాలనే. కేన్సర్ రోగికి రేడియేషన్ ఇచ్చినప్పుడు కూడా వైద్యులు వాడుకునేది ఈ గుణాన్నే.

అందువల్ల రైతు దగ్గర నుంచి నేరుగా తెచ్చుకున్న పాయలు మేలు. రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల వ్యాసం ఉన్నవి, ఒకే పరిమాణంలో, గట్టిగా, మొలక రానివి ఎంచుకోవాలి. ముందుగా నాలుగైదింటిని నీటి మీద పెట్టి వేళ్లు వస్తున్నాయో లేదో చూసుకున్నాకే మిగిలినవి తీసుకోవాలి. పై ఎండు పొరలు తీసేసి, అడుగున ఎండిపోయిన పాత వేళ్లను బ్లేడుతో జాగ్రత్తగా గీకివేయాలి. ఆ అడుగు చుట్టూ వలయంలా ఉండే కొత్త వేళ్ల మొటిమలకు బ్లేడు తగిలితే ఆ పాయ వృథా అయినట్టే.

కాలం కూడా ముఖ్యమే. మన వేసవిలో గది వేడికి నీరు తొందరగా చెడి వేళ్లు కుళ్లుతాయి. కార్తీకం నుంచి మాఘం వరకు, గది ఉష్ణోగ్రత 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే రోజులు ఈ పనికి అనువైనవి.

వేళ్లు పెంచడం, పరీక్షించవలసిన ద్రవంలో ఉంచడం

కుళాయి నీటిని ఒక రాత్రంతా వెడల్పాటి పాత్రలో ఉంచితే అందులోని క్లోరిన్ చాలావరకు పోతుంది. రాగి పాత్రలో మాత్రం ఉంచకూడదు. ఉల్లి వేళ్లు రాగిని ఏమాత్రం తట్టుకోలేవు. ఆ నీటిని చిన్న గాజు గ్లాసుల్లో పోసి, పాయ అడుగు మాత్రమే నీటికి తగిలేలా పైన నిలబెట్టి, నీడలో ఉంచాలి. రోజూ నీరు మార్చాలి. రెండు మూడు రోజుల్లో వేళ్లు ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు పెరుగుతాయి. ఒక్కో గుంపుకు ఆరు పాయలతో మొదలుపెట్టి, వేళ్లు సరిగా రాని ఒకదాన్ని తీసేసి అయిదింటితో కొనసాగించడం మంచిది.

కనీసం మూడు గుంపులు కావాలి. మొదటిది శుభ్రమైన నీటిలోనే కొనసాగుతుంది. రెండోదాన్ని డీఎన్‌ఏను దెబ్బతీస్తుందని ముందే తెలిసిన పదార్థంలో ఉంచాలి. మూడోది మీరు పరీక్షించదలచిన నీటిలో, అంటే ఊరి చెరువు నీటిలోనో, అద్దకం పని జరిగే చోటి కాలువ నీటిలోనో, పురుగుమందు కలిపిన డబ్బా కడిగిన నీటిలోనో ఉండాలి. పరిశోధనశాలల్లో రెండో గుంపుకు మిథైల్ మీథేన్ సల్ఫొనేట్ వంటి పదార్థాలు వాడతారు. అవి మన డీఎన్‌ఏనూ అలాగే దెబ్బతీస్తాయి గనుక డిగ్రీ విద్యార్థుల చేతికి ఇవ్వకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. సీసా మీద 3 శాతం అని ఉందో, 6 శాతం అని ఉందో చూసుకుని, 3 శాతం ద్రవానికి సమానంగా లెక్కకట్టి, దాన్ని 50, 100, 200 రెట్లు పలచన చేసి మూడింటినీ ముందుగా ప్రయత్నించాలి. శుభ్రమైన నీటిలో వేరు పెరిగిన పొడవులో సగం మాత్రమే పెరగనిచ్చే పలచన ఏదో అదే అసలు ప్రయోగానికి తగినది. అంతకంటే గాఢంగా ఉంటే కణాలు విభజనే ఆపేస్తాయి. విభజన లేనిచోట వెతకడానికి వంతెనలూ ఉండవు, తునకలూ ఉండవు.

పెరాక్సైడ్ స్వయంగా డీఎన్‌ఏను పెద్దగా తాకదు. కణంలోని ఇనుము అయాన్లతో కలిసినప్పుడు అది హైడ్రాక్సిల్ రాడికల్‌గా మారుతుంది, పోగులను తెంపేది ఆ రాడికలే. అందుకే ఈ దశలో ఇనుప సూదులను, పాత్రలను దూరంగా ఉంచాలి. వేళ్లలోని కేటలేస్ ఎంజైము, వెలుతురు రెండూ పెరాక్సైడ్‌ను విడగొట్టివేస్తాయి గనుక ద్రవాన్ని ఆరేడు గంటలకోసారి కొత్తగా కలిపి మార్చాలి.

వేళ్లను 24 గంటలు ఆయా ద్రవాల్లో ఉంచాక, ప్రతి పాయ నుంచి కనీసం రెండు మూడు వేళ్లు, కొత్తవారైతే ఇంకా ఎక్కువ, కత్తిరించి భద్రపరచాలి. వీటిలో వంతెనలు, తునకలు చూస్తాం. మిగిలిన వేళ్లతో ఆ పాయను తిరిగి శుభ్రమైన నీటిలో మరో 24 గంటలు ఉంచాలి. సూక్ష్మ కేంద్రకం ఏర్పడాలంటే దెబ్బతిన్న కణం ఒక్క విభజననైనా పూర్తి చేసుకోవాలి కాబట్టి ఈ రెండో రోజు తప్పనిసరి. ఆ తరవాత ఈ వేళ్లనూ కత్తిరించి భద్రపరచాలి, సూక్ష్మ కేంద్రకాలు చూసేది వీటిలోనే. ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య వేళ్లు కత్తిరించడం మన ప్రయోగశాలల్లో ఆనవాయితీ. ఏ వేళ అయినా సరే, అన్ని గుంపులకూ అదే వేళను పాటించాలి.

భద్రపరచడం, రంగు వేయడం

మూడు పాళ్ల శుద్ధ ఆల్కహాలుకు ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపి, అప్పటికప్పుడు తయారు చేసుకున్న ద్రవంలో వేళ్లను 24 గంటలు ఉంచాలి. నిన్న కలిపి ఉంచినది పనికిరాదు. ఆ తరవాత 70 శాతం ఆల్కహాలులోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కొన్ని వారాలు నిలుస్తాయి. ఈ ద్రవానికి నిప్పు తొందరగా అంటుకుంటుంది. స్పిరిట్ దీపం వెలుగుతున్న బల్ల మీద దాన్ని తెరవకూడదు.

స్లైడు చేసే రోజున వేళ్లను నీటిలో కడిగి, 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఉంచాలి. కణాలను అంటిపెట్టుకుని ఉన్న పెక్టిన్ కరిగి వేరు మెత్తబడుతుంది. ఇక్కడ ఒక విశేషాన్ని విద్యార్థులకు తప్పక చెప్పాలి. ఈ వేడి ఆమ్లం డీఎన్‌ఏ నుంచి ప్యూరిన్‌లను ఊడగొడుతుంది. బతికి ఉన్న కణంలో రోజంతా నెమ్మదిగా జరిగే సంఘటనే ఇక్కడ నిమిషాల్లో జరుగుతుంది. అలా ఖాళీ అయిన చోట్లను పట్టుకునే రంగుతోనే రాబర్ట్ ఫ్యూల్గెన్ 1924లో కేంద్రకంలోని డీఎన్‌ఏను గుర్తించే పద్ధతిని కనుగొన్నారు. ఈ దశకు కణం చనిపోయి ఉంటుంది గనుక మన లెక్క మీద దాని ప్రభావం ఉండదు.

తరవాత వేళ్లను రెండుసార్లు నీటిలో కడిగి, వాచ్ గ్లాస్‌లో ఎసిటోకార్మైన్ అనే రంగు పోసి అరగంట ఉంచాలి. కార్మైన్ లేత రంగు ఇస్తుంటే తుప్పు పట్టిన సూదితో ఒకసారి కలియబెడితే రంగు ముదురుతుంది. ఇందాక దూరంగా పెట్టమన్న ఇనుము ఇప్పుడు మేలు చేస్తుంది.

చితికించడం

అసలు నైపుణ్యమంతా ఇందులోనే ఉంది. బాగా రంగు పట్టిన చివరి ఒకటి రెండు మిల్లీమీటర్ల కొనను మాత్రమే కోసి తీసుకోవాలి. దాని వెనక ఉన్న పొడుగాటి కణాలు విభజన ఆపివేసినవి, అవి కలిస్తే లెక్క తప్పుతుంది. స్లైడు మీద 45 శాతం ఎసిటిక్ ఆమ్లం ఒక చుక్క వేసి, కొనను అందులో ఉంచి, కవర్ స్లిప్‌ను ఒక పక్క నుంచి నెమ్మదిగా దించాలి. అగ్గిపుల్ల వెనక భాగంతో కవర్ స్లిప్ మీద తేలిగ్గా, ఒకే చోట కాకుండా మధ్య నుంచి అంచులకు తడుతూ పోతే కణాల ముద్ద మబ్బులా విచ్చుకుంటుంది. కణాలు ఒకే పొరగా పరచుకున్నాయనిపించాక స్లైడును అద్దుడు కాగితం మడతలో పెట్టి, బొటనవేలితో నిట్టనిలువుగా, గట్టిగా ఒక్కసారే నొక్కాలి. వేలు పక్కకు జరిగితే కణాలు చుట్టుకుపోతాయి, క్రోమోజోములు సాగిపోయి లేని వంతెనలు ఉన్నట్టు కనిపిస్తాయి. అలా జరిగిన స్లైడును లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టాలి. మంచి స్లైడు ఒక్కటి రావడానికి కొత్తవారికి పది పదిహేను కొనలు ఖర్చు కావచ్చు. వేళ్లు ఎక్కువగా భద్రపరచుకోమనడం అందుకే. అంచులకు గోళ్ల రంగు పూస్తే స్లైడు రెండు మూడు రోజులు ఆరిపోకుండా ఉంటుంది.

ఏం చూడాలి

ముందు తక్కువ వర్ధనంలో స్లైడంతా తిరిగి చూసి, తరవాత 40 రెట్ల కటకానికి మారాలి. చలన దశలో, అంత్య దశలో ఉన్న కణాలను ఒక్కొక్కటిగా పరిశీలించాలి. రెండు ధ్రువాల వైపు వెళ్లిపోతున్న క్రోమోజోముల గుంపుల మధ్య సాగిన దారం ఒకటి కనిపిస్తే అది వంతెన. కొనలు విరిగిన రెండు క్రోమోజోములు అతుక్కుని రెండు సెంట్రోమియర్లు (విభజనలో క్రోమోజోమును లాగే దారాలు పట్టుకునే చోట్లు) ఉన్న ఒకే క్రోమోజోముగా మారితే, ఆ రెండు సెంట్రోమియర్లను చెరొక ధ్రువం లాగుతుంది. ఆ వంతెన చివరికి తెగుతుంది, తెగిన కొనలు మళ్లీ అతుక్కుంటాయి, తరవాతి విభజనలో మళ్లీ వంతెన ఏర్పడుతుంది. విరగడం, అతకడం, వంతెన కట్టడం అనే ఈ చక్రాన్ని బార్బరా మెక్‌క్లింటాక్ 1930ల చివర్లో మొక్కజొన్నలో వివరించారు. ఒకేసారి తగిలిన దెబ్బ తరతరాల కణాలను ఎలా వెంటాడుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే దృశ్యం మరొకటి లేదు.

ఏ ధ్రువానికీ చేరకుండా మధ్యలో మిగిలిపోయిన ముక్క కనిపించినప్పుడు తొందరపడకూడదు. అది సెంట్రోమియర్ లేని తునక కావచ్చు, లేదా వెనకబడిన పూర్తి క్రోమోజోము కావచ్చు. మొదటిది డీఎన్‌ఏ తెగినదనడానికి గుర్తు. రెండోది కండె పోగులు (క్రోమోజోములను ధ్రువాల వైపు లాగే దారాలు) సరిగా పనిచేయలేదనడానికి గుర్తు, అక్కడ డీఎన్‌ఏకు ఏమీ కాకపోయి ఉండవచ్చు. కాల్చిసిన్ చేసేది ఈ రెండో పనే. దాని ప్రభావం ఉన్న వేళ్ల కొనలు ఉబ్బి గుండ్రంగా కనిపిస్తాయి కూడా. ఈ రెండింటినీ ఒకే గడిలో రాసే అలవాటు మన ప్రయోగ నివేదికల్లో ఎక్కువ. వాటికి వేర్వేరు గడులు ఉండి తీరాలి.

సూక్ష్మ కేంద్రకాన్ని గుర్తించడానికి నియమాలు ముందే రాసి పెట్టుకోవాలి. అది గుండ్రంగా, అంచు స్పష్టంగా ఉండాలి. ప్రధాన కేంద్రకం వ్యాసంలో మూడో వంతు కంటే చిన్నదై ఉండాలి. దానికి తగలకుండా, అదే కణంలో, అదే లోతులో, అదే రంగు గాఢతతో కనిపించాలి. మరీ ముదురుగా మెరిసేది చాలాసార్లు రంగు నలుసే అవుతుంది. మనుషుల బుగ్గ లోపలి కణాల్లోనూ ఇవే సూక్ష్మ కేంద్రకాలను లెక్కించి పొగాకు చేసే హానిని అంచనా వేస్తారు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొనను నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఉన్న స్త్రీలలో అంగిలి కేన్సర్ ఎక్కువగా కనిపించడం వైద్యులకు దశాబ్దాలుగా తెలుసు. పొగలోని రసాయనాలు, వేడి కలిసి ఆ కణాలకు చేసే హాని ఎలాంటిదో ఈ చిన్న చుక్కను చూసినప్పుడు అర్థమవుతుంది.

లెక్క

లెక్కించేవారికి ఏ స్లైడు ఏ గుంపుదో తెలియకూడదు. పేర్లు కనిపించకుండా కాగితం అంటించి, గుర్తు సంఖ్యలు వేసి, ఆ జాబితాను లెక్కలో పాల్గొనని వ్యక్తి దగ్గర ఉంచాలి. ఇది లాంఛనం కాదు. ఒకసారి మా ప్రయోగశాలలో ఒకే స్లైడును పేరు చెప్పి ఒకసారి, చెప్పకుండా మరోసారి ఇస్తే, ఎంతో శ్రద్ధగల విద్యార్థిని రెండు వేర్వేరు సంఖ్యలు తెచ్చింది. కలుషిత నీటి స్లైడు అని తెలిసినప్పుడు సందేహం ఉన్న ప్రతి చుక్కా ఆమెకు సూక్ష్మ కేంద్రకంగానే కనిపించింది. అందులో ఆమె తప్పు లేదు. కన్ను ఆశించిన దాన్నే వెతుక్కుంటుంది.

ఒక్కో పాయ నుంచి 1000 కణాలు చూసి, వాటిలో విభజనలో ఉన్నవి ఎన్నో లెక్కించి శాతంగా రాస్తే అది విభజన సూచిక. అదే 1000 కణాల్లో సూక్ష్మ కేంద్రకాలు ఉన్నవాటిని విడిగా రాయాలి. చలన, అంత్య దశల్లోని 100 కణాల్లో వంతెనలు, తునకలు, వెనకబడిన క్రోమోజోములు ఎన్నో మరోచోట రాయాలి. గుంపుకు అయిదు పాయలు ఉంటే మొత్తం 5000 కణాలు చూసినట్టే గానీ, పోల్చడానికి మన దగ్గర ఉన్నవి అయిదు కొలతలు మాత్రమే. 5000 స్వతంత్ర కొలతలు ఉన్నట్టు గణాంక పరీక్ష చేస్తే లేని తేడా కూడా ఉన్నట్టు తేలుతుంది. శుభ్రమైన నీటి గుంపులో అరుదుగా కొన్ని వంతెనలు, సూక్ష్మ కేంద్రకాలు కనిపించడం సహజం. ఏ ప్రాణికణమూ దెబ్బ లేకుండా ఉండదు గనుక అక్కడ కచ్చితంగా సున్నా వచ్చిందంటే స్లైడును మళ్లీ చూడడం మేలు.

విభజన సూచిక పడిపోవడం కూడా ఒక ఫలితమే. దెబ్బ తెలిసిన కణం మరమ్మతు కోసం విభజనను ఆపుకుంటుంది. జంతుకణాల్లో పీ53 అనే ప్రోటీను ఈ పనిని నడిపిస్తుంది. మొక్కల్లో అది లేదు, దానికి సాటివచ్చే సాగ్1 అనే మరో ప్రోటీను ఉంది. ఈ నిలుపుదల పనిచేయని కణమే దెబ్బతోనే విభజన చెందుతూ పోతుంది. మనుషుల కేన్సర్లలో సుమారు సగం వాటిలో పీ53 జన్యువు చెడి ఉండడానికి ఉన్న ప్రాముఖ్యం ఇదే.

ఫలితాన్ని రాయడం

చెరువు నీటి గుంపులో వేళ్లు కురచగా ఉన్నంత మాత్రాన డీఎన్‌ఏ దెబ్బతిన్నదని రాయకూడదు. ఉప్పు ఎక్కువైనా, పీహెచ్ తగ్గినా, రాగి ఉన్నా వేరు పెరగదు. కాబట్టి ఆ నీటి పీహెచ్, విద్యుద్వాహకత కొలిచి పక్కన రాయాలి. వేరు కురచై, విభజన సూచిక తగ్గి, వంతెనలు, తునకలు మాత్రం పెరగకపోతే ఆ నీరు విషపూరితం కావచ్చు గానీ డీఎన్‌ఏను తెంపుతున్నదని చెప్పడానికి ఆధారం లేదు.

ఫలితం ఏమీ రానప్పుడు కూడా అంతే జాగ్రత్త కావాలి. కొన్ని పదార్థాలు కాలేయంలోని ఎంజైములు మార్చాకే ప్రమాదకరంగా మారతాయి. వేరుశనగకు పట్టే ఆస్పర్జిల్లస్ బూజు తయారుచేసే అఫ్లాటాక్సిన్ బీ1 అలాంటిదే. అది కాలేయంలో చురుకైన రూపం దాల్చి గ్వానిన్‌కు అతుక్కుంటుంది. ఉల్లి వేరులో కాలేయం లేదు. అందువల్ల అలాంటి పదార్థం ఉన్న నీరు కూడా ఉల్లి పరీక్షలో దాటిపోవచ్చు. నివేదికలో రాయవలసిన వాక్యం ఇంతవరకే ఉండాలి: ఫలానా తేదీన, ఫలానా చోట సేకరించిన నీటిలో, ఇన్ని గంటలు ఉంచిన ఉల్లి వేరు కొనల కణాల్లో, శుభ్రమైన నీటితో పోలిస్తే ఇవి ఇంత పెరిగాయి, లేదా పెరగలేదు. ఆ నీరు తాగితే కేన్సర్ వస్తుందనో, రాదనో ఆ వాక్యానికి కలపకూడదు. తేడా స్పష్టంగా కనిపించి, రెండోసారి తెచ్చిన నీటితోనూ అదే వస్తే, ఆ అంకెలను, నమూనాను తీసుకుని నీటిలోని రసాయనాలను విశ్లేషించగల ప్రయోగశాలకు వెళ్లాలి. ప్రయోగంలో వాడిన ఉల్లిపాయలను వంటకు గాని, పశువులకు గాని ఇవ్వకుండా పాతిపెట్టాలి.